బిల్లు మీద దారం పేరు రాయరెందుకు?

సంపాదకులు గారికి నమస్కారాలు.

పెళ్ళి ముహూర్తాలు దగ్గర పడ్డాయంటే మీ పత్రిక తిరుపతి జిల్లా పుటల్లో బట్టల దుకాణాల ప్రకటనలదే రాజ్యం. వాటిలో ఈమధ్య ఒక కొత్త మాట చేరింది. ‘ఎకో ఫ్రెండ్లీ’ చీరలనీ, ‘పర్యావరణ హిత’ కుర్తాలనీ, ‘ప్రకృతి రంగులు’ అనీ పెద్ద అక్షరాలతో, పక్కన ఒక పచ్చటి ఆకు బొమ్మతో అచ్చవుతున్నాయి. ఉన్నత పాఠశాలలో ముప్పయ్యేళ్ళు భౌతిక, రసాయన శాస్త్రాలు చెప్పి పదవీ విరమణ చేసిన దాన్ని. అయినా ఆ ఆకు బొమ్మను నమ్మి ఒక చీర కొన్నాను. ఆ చీర కథ చెప్పి, దాని వల్ల నాకు తోచిన ఒక్క కోరికను మీ పత్రిక ద్వారా వ్యాపారుల ముందూ, అధికారుల ముందూ పెడదామని ఈ ఉత్తరం రాస్తున్నాను.

మా అక్క కూతురి పెళ్ళికి బట్టలు తీయడానికి నగరంలోని ఒక పెద్ద దుకాణానికి వెళ్ళాం. నెమళ్ళూ తీగలూ ఉన్న ఒక ఎర్రటి చీర చూపించి, ‘ఇది కలంకారీ మేడమ్, ఎకో ఫ్రెండ్లీ, ఒంటికి చాలా మంచిది’ అని అమ్మకందారు కుర్రవాడు చెప్పాడు. పద్ధెనిమిది వందల యాభై రూపాయలు ఇచ్చి తెచ్చుకున్నాను. ఇంటికి వచ్చాక కొంగు చివర వేలాడుతున్న రెండు పోగులు కత్తిరించి, చిమటాతో పట్టుకుని దీపం దగ్గర పెట్టాను. ఎనిమిదో తరగతి పిల్లలతో ఏటా చేయించిన ప్రయోగమే ఇది. నూలు పోగు దీపపు వత్తిలా కాలి, కాగితం కాలిన వాసన వేసి, ముట్టుకుంటే రాలిపోయే బూడిద మిగులుస్తుంది. పట్టు పోగు వెంట్రుకలు కాలిన కంపు కొడుతుంది, దాని మసి వేళ్ళ మధ్య నలిగి పొడి అవుతుంది. నా చేతిలో ఉన్న పోగు ఈ రెండూ చేయలేదు. మంట తగలకముందే వెనక్కి ముడుచుకుని, కరిగి, చల్లారాక ఆవగింజంత నల్లటి పూసగా గట్టిపడింది. గోటితో నొక్కినా నలగలేదు. అది పాలిస్టర్.

మర్నాడు బిల్లు పట్టుకుని వెళ్ళాను. ‘కలంకారీ అంటే డిజైన్ పేరు కదమ్మా’ అన్నాడు ఆ కుర్రవాడు, ఏ మాత్రం తడుముకోకుండా. అతన్ని నేను తప్పుపట్టడం లేదు. అతనికి పైవాళ్ళు చెప్పిందే అతను నాకు చెప్పాడు. బిల్లు తిప్పి తిప్పి చూసినా ‘ఫ్యాన్సీ శారీ 1’ అని తప్ప మరేమీ లేదు. ఏ దారమని చెప్పి అమ్మారో, నిజానికి ఏ దారమో, రెండూ కాగితం మీద లేనప్పుడు ఫిర్యాదు చేయడానికి నా దగ్గర ఉన్న ఆధారం ఆ నల్ల పూస ఒక్కటే.

కలంకారీ అంటే డిజైన్ పేరు కాదు. తిరుపతికి నలభై కిలోమీటర్ల లోపే ఉన్న శ్రీకాళహస్తిలో అది ఒక పని పేరు. తెల్లబరచని నూలు గుడ్డను కరక్కాయ పొడి కలిపిన గేదె పాలలో నానబెట్టి ఎండబెడతారు. ఆ పాల కొవ్వు వల్లే రంగు గుడ్డ మీద చెదరకుండా గీసినచోటనే నిలుస్తుంది. చింతబొగ్గుతో బొమ్మ గీసుకుని, వెదురుపుల్లకు ఉన్ని చుట్టి కట్టిన కలాన్ని కసిం నీళ్ళలో ముంచి దాని మీద గీత లాగుతారు. తుప్పుపట్టిన ఇనుప ముక్కలను బెల్లం నీళ్ళలో రోజుల తరబడి ఊరవేస్తే వచ్చేది ఆ కసిం. గీత గీసినప్పుడు పలచటి టీ మరకలా ఉంటుంది. చూస్తూ ఉండగానే కరక్కాయలోని వగరు ఇనుముతో కలిసి నల్లబడుతుంది. నేను మొదటిసారి చూసినప్పుడు, ఇన్నేళ్ళూ టానిన్లనే ఈ వగరు పదార్థాల గురించి నల్లబల్ల మీద రాసిందంతా ఆ ఒక్క గీతలో కనిపించినట్టయింది. ఎరుపు రావలసిన చోట పటిక పూసి, మొక్కల వేళ్ళతో కాచిన రంగునీళ్ళలో ఉడికిస్తారు. ప్రతి రంగుకూ మధ్య పారే నీటిలో జాడించాలి. స్వర్ణముఖి పారని నెలల్లో ఆ పని ఎంత కష్టమో అక్కడివారినే అడగాలి. జొన్నలగడ్డ గురప్ప చెట్టి గారికి 2008లో పద్మశ్రీ వచ్చింది ఈ పనికే. భౌగోళిక గుర్తింపు కూడా ఉన్న ఈ పనిని పాలిస్టర్ మీద యంత్రంతో అచ్చు వేసి, అదే పేరుతో అమ్మితే, మోసపోయింది నేనొక్కదాన్నే కాదు, వారాల తరబడి ఒక చీర మీద కూర్చున్న చేతులు కూడా.

అలాగని అందరూ చేతి కలంకారీలే కట్టుకోవాలని చెప్పడానికి నాకు నోరు రాదు. నా పింఛనుకే అవి బరువు. పైగా ప్రకృతి రంగు అన్నంత మాత్రాన దానికి ఏ లోపమూ లేదనుకోవడం కూడా సరికాదు. అంత నీరూ, అంత వంటచెరకూ ఖర్చు కాకుండా ఆ రంగులు రావు. నూలు సంగతీ అంతే. ఒక్క టీషర్టుకు కావలసిన పత్తి పండించి గుడ్డ చేయడానికి దాదాపు 2,700 లీటర్ల నీరు పడుతుందన్న ప్రపంచ వన్యప్రాణి నిధి లెక్క చాలామంది వినే ఉంటారు. వెంకటగిరి నేతలో పోగు ఎంత సన్నదైనా, మగ్గం మీదే చేత్తో నేసే జామ్దానీ పువ్వు ఎంత ముచ్చటగా ఉన్నా, రంగులు చాలావరకు రసాయనాలవే. 2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్విభజనతో మన జిల్లాలోకి వచ్చిన ఊరు కాబట్టి మన గొప్పగా చెప్పుకుంటాం కానీ, ఈ మాట కూడా ఒప్పుకోవాలి. నగరి, పుత్తూరు మరమగ్గాల ప్రాంతంలో అద్దకపు నీటిని శుద్ధి చేయకుండా వదిలితే అది మొదట ఆ చుట్టుపక్కల బావుల్లోకీ, వానలు పడితే కుశస్థలిలోకీ చేరుతుంది. ఆ నది పూండి జలాశయానికి పోతుంది, పూండి నీరు చెన్నై తాగుతుంది. కనుక ఏ గుడ్డకూ కళ్ళు మూసుకుని ఆకు బొమ్మ వేయడానికి వీల్లేదు. ఏ దారమో, ఏ రంగో, ఎక్కడ నేసిందో చెప్తే, దేన్ని కొనాలో, దేన్ని మానాలో కొనేవాళ్ళు ఆలోచించుకుంటారు. చెప్పకపోవడమే నా అభ్యంతరం.

ఆ చీరతో పాటు ఇచ్చిన సంచి గురించీ చెప్పాలి. లేతాకుపచ్చ రంగులో, ముట్టుకుంటే గుడ్డలా మెత్తగా ఉండి, ‘నేను ప్లాస్టిక్ కాను’ అని దాని మీద రాసి ఉంది. తిరుపతిలో కూరగాయల బండి దగ్గర నుంచి నగల దుకాణం దాకా ఇప్పుడు ఇవే సంచులు. ఇవి గుడ్డ కాదు. పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్‌ను కరిగించి, పోగులుగా పరిచి, వేడితో అతికించినవి; నేత అన్నదే లేదు గనుక వాటిని నాన్ ఓవెన్ సంచులంటారు. మన చట్టం కూడా వీటిని ప్లాస్టిక్‌గానే లెక్కిస్తుంది. చదరపు మీటరుకు 60 గ్రాముల కన్నా తక్కువ బరువుండే ఈ సంచులు 2021 సెప్టెంబరు 30 నుంచి నిషిద్ధం. మామూలు ప్లాస్టిక్ సంచి మందం 120 మైక్రాన్లకు తగ్గకూడదన్నది 2022 డిసెంబరు 31 నుంచి ఉన్న నిబంధన. వీధి దుకాణాలలో ఇస్తున్న పలచటి నాన్ ఓవెన్ సంచులను ఒకసారి తూకం వేయిస్తే ఎన్ని నిలుస్తాయో నగరపాలక సంస్థ వారే చూడవచ్చు. మా ఇంటి మిద్దె మీద కొయ్యకు తగిలించి మరచిపోయిన ఒక సంచి ఎండకు పెళుసై, చెయ్యి పెట్టగానే రవ్వలు రవ్వలుగా రాలింది. ఊడ్చినకొద్దీ గాలికి లేచే ఆ రవ్వలను చేటలోకి ఎత్తడానికి నాకు పావుగంట పట్టింది. గాలికి పోయినవి పోయాయి.

దీనికి సంబంధించిందే మరో ముచ్చట. కొండ మీద ప్లాస్టిక్ నీళ్ళ సీసాలు నిషేధించి, గాజు సీసాలు తెచ్చిన దేవస్థానం నిర్ణయాన్ని నేను మనస్ఫూర్తిగా మెచ్చుకుంటాను. అయితే ఆ నీళ్ళ సీసా ఏ పదార్థంతో చేస్తారో, పాలిస్టర్ చొక్కా కూడా ఆ పదార్థంతోనే చేస్తారని పాఠంలో చెప్పినప్పుడు పిల్లలు ఎప్పుడూ నమ్మేవారు కాదు. పాలిథిలిన్ టెరిఫ్తాలేట్ అని దాని పేరు. ముడి చమురు నుంచి వస్తుంది. అలిపిరిలో సీసా కింద పెట్టించి, చొక్కాతో పైకి పంపుతున్నామన్నమాట. చొక్కాలు విప్పించాలని నా ఉద్దేశం కాదు! సీసా కంటికి కనబడే ప్లాస్టిక్, చొక్కా కనబడనిది. ఉతికిన ప్రతిసారీ దాని నుంచి రాలే సన్నటి పోగులు మురుగునీటితో పోయి, చెరువుల్లోకో సముద్రంలోకో చేరతాయి. సముద్రాలకు నేరుగా చేరే సూక్ష్మ ప్లాస్టిక్‌లో దాదాపు 35 శాతం ఇలా కృత్రిమ బట్టలు ఉతకడం వల్లనే వస్తోందని అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సమితి 2017లో అంచనా వేసింది. ఈనాడు ప్రపంచంలో తయారయ్యే వస్త్ర దారాలలో సగానికి పైగా పాలిస్టరే.

ఈ దారం మన ఇళ్ళలోకి ఎక్కువగా వచ్చేది మనం కట్టుకోవడానికి కొన్న బట్టల ద్వారా కాదని నా అనుమానం. పెట్టుబడి చీరల ద్వారా వస్తుంది. మా అక్క కూతురి పెళ్ళికే చుట్టాలకు పెట్టడానికి నలభై చీరలు కట్టగా తీశాం, చీర రెండు వందల ఎనభైకి. వాటి రంగు గానీ అంచు గానీ ఎవరూ చూడలేదు. ‘పెట్టడానికే కదా’ అన్నారు. పుచ్చుకున్నవారూ అదే మాట అనుకుని, మడత విప్పకుండా బీరువాలో పెట్టి, తరువాతి శుభకార్యంలో ఇంకొకరికి పెడతారు. నేను మూడేళ్ళ కిందట ఒక గృహప్రవేశంలో ఇచ్చిన చీర, కాగితం అట్టతో సహా, నా చేతికే తిరిగి వచ్చింది. దాని మడత మీద నేను పెన్సిలుతో వేసుకున్న గుర్తు అలాగే ఉంది. తాంబూలంలో ఇచ్చే రవిక గుడ్డల సంగతి మరీ అన్యాయం. కుట్టించుకుందామన్నా చెమట పీల్చవు, కొలతకు చాలవు. పసుపు కుంకుమలతో గుడ్డ పెట్టడం మంచి ఆచారమే. పాత కాలంలో ఆ గుడ్డను కట్టేవారు, అది చిరిగితే ఉయ్యాల కట్టేవారు, ఉయ్యాల తరువాత బొంత కుట్టేవారు, చివరికి తుడుపు గుడ్డ అయ్యేది. ఈ పాలిస్టర్ గుడ్డ తుడుపుకు కూడా పనికిరాదు, నీళ్ళను పీల్చకుండా పక్కకు నెడుతుంది. పాత బట్టలకు స్టీలు గిన్నెలిచ్చే ఆమె కూడా మా వీధిలో ఇప్పుడు జరీ చీరలూ ప్యాంట్లూ తీసుకుంటోంది కానీ, వీటిని పక్కన పెట్టేస్తోంది. ఆ నలభై చీరల డబ్బుతో ఇరవై మందికి మంచి నూలు తువ్వాళ్ళో, దుప్పట్లో పెట్టి ఉంటే వాడుకునేవారు. మిగిలిన ఇరవై మంది చుట్టాలకు ఏం జవాబు చెప్పాలన్నది మా అక్క ప్రశ్న. దానికి నా దగ్గర ఇంకా జవాబు లేదు.

ఇంటి సంగతులు ఇంట్లో తేల్చుకుంటాం. దుకాణాల నుంచి మాత్రం నేను కోరేది ఒక్కటే: బిల్లు మీద దారం పేరు రాయండి. నూలు ఎంత, పట్టు ఎంత, పాలిస్టర్ ఎంత అన్న ఒక్క వరుస చాలు. ఇది కొత్త భారమేమీ కాదు. మిల్లు గుడ్డ మీద ఏ దారం ఎంత శాతమో ముద్రించాలని 1988 నుంచే నిబంధన ఉంది. పాత టెర్రికాటన్ చొక్కా గుడ్డ అంచు మీద పాలిస్టర్ 67, నూలు 33 అని ఉండే అంకెలు నా వయసువారికి గుర్తుండే ఉంటాయి. ‘ఎకో ఫ్రెండ్లీ’, ‘సహజం’ వంటి మాటలు వాడితే దానికి రుజువు చూపాలనీ, ఏ విషయంలో హితమో స్పష్టంగా చెప్పాలనీ కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2024 అక్టోబరులో మార్గదర్శకాలు కూడా ఇచ్చింది. పట్టుకు సిల్క్ మార్క్, చేనేతకు హ్యాండ్లూమ్ మార్క్ అనే గుర్తులు ఉన్నాయి. అడిగి చూసి తీసుకోమని ఒక చిన్న బోర్డు గల్లా పెట్టె దగ్గర పెట్టడానికి ఖర్చేమిటి?

వెంకటగిరిలో చేనేత సాంకేతిక విద్యా సంస్థ ఉంది. ఆగస్టు 7న జాతీయ చేనేత దినోత్సవం నాడు ఉపన్యాసాలు, ర్యాంప్ వాక్‌లు కొంచెం తగ్గించి, ఆ విద్యార్థులను తిరుపతి బస్టాండు దగ్గర ఒక బల్ల వేసుకుని కూర్చోనిస్తే, జనం తెచ్చిన బట్టల్లోని పోగు ఏమిటో అక్కడికక్కడే చెప్పగలరు. చీర తిరగేసి పట్టుకుంటే చేతి పువ్వుకూ అచ్చు పువ్వుకూ తేడా ఎలా కనిపిస్తుందో కూడా చూపించగలరు. జిల్లా చేనేత, జౌళి శాఖ వారు తలచుకుంటే ఇది పెద్ద పని కాదు.

చివరగా మీకొక మనవి, సంపాదకులు గారూ. ఆ ఆకు బొమ్మ ప్రకటనలు అచ్చయ్యేది మీ పత్రికలోనే. ‘పర్యావరణ హితం’ అని వేయమని వచ్చిన దుకాణాన్ని, ఏ దారమో కూడా అదే ప్రకటనలో రాయమని మీ ప్రకటనల విభాగం అడగవచ్చు. రాయడానికి ఇష్టపడని వారు ఆకు బొమ్మ తీసేస్తారు. ఆ రెండు పోగులు కాలిన పూసను ఒక చిన్న కాగితంలో పొట్లం కట్టి ఈ ఉత్తరంతో జత చేస్తున్నాను. మీ ప్రకటనల విభాగం వారికి చూపించగలరు.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు,
తిరుపతి.