రన్‌వే పక్కన గూబ కనిపిస్తే ఎవరికి ఫోన్ చేయాలి?

కేంద్ర పౌర విమానయాన శాఖ మంత్రి శ్రీ కింజరాపు రామ్మోహన్ నాయుడు గారికి,

నమస్కారం. మీది శ్రీకాకుళం, మాది విజయనగరం జిల్లా. మనవాళ్లు చావుపిట్ట అని పిలిచే గూబ గురించి మీకు వేరే చెప్పక్కర్లేదు. తమలపాకు ఆకారంలో తెల్లటి మొహం, అర్ధరాత్రి పాతగుడ్డ చింపినట్టు అరుపు. ఆ అరుపు వినబడితే మా నాయనమ్మ లేచి కూర్చుని, ఎవరికో మూడిందనేది. గూబ ఇంట్లో దూరితే ఆరు నెలలు ఇల్లు పాడుపెట్టాలంటారు కదా. ఇప్పుడు మనమే దాని ఇంట్లో దూరుతున్నాం, ఖాళీ చేయాల్సింది మాత్రం అదే.

భోగాపురం ఎయిర్‌పోర్టుకు నేను వ్యతిరేకిని కాను. విశాఖలో నేవీ రన్‌వే మీద ఎన్నాళ్లని నెట్టుకొస్తాం? కానీ అది జీడిమామిడి, కొబ్బరి, సరుగుడు తోటల సీమ. రన్‌వే అంచున గడ్డి, గడ్డిలో ఎలుకలు, వాటికోసం గూబ. చీకట్లో నేలకు కాస్త ఎత్తున ఎగురుతూ చెవులతో వేటాడుతుంది. దాని ధ్యాసంతా గడ్డిలో చప్పుడు మీదే, వెనకాల వచ్చే విమానం మీద కాదు. గుద్దుకుంటే గూబ పోతుంది, విమానానికీ ప్రమాదమే.

2013 డిసెంబరులో న్యూయార్క్ కెనెడీ ఎయిర్‌పోర్టులో మూడు మంచు గుడ్లగూబల్ని కాల్చేశారు. జనం గోల చేశాక, ఇకమీదట పట్టి వేరే చోట వదులుతామన్నారు అధికారులు. అక్కడికి కొన్ని గంటల దూరంలోనే ఉన్న బోస్టన్ లోగన్ ఎయిర్‌పోర్టులో నార్మన్ స్మిత్ అనే ఆయన 1981 నుంచీ చేస్తూ వచ్చింది అదే పని. ఆర్కిటిక్ నుంచి వచ్చే ఆ పక్షికి చెట్టూ చేమా లేని రన్‌వే మైదానం సొంతూరిలాగే ఉంటుంది. ఆయన వల పన్ని పట్టి, కాలికి రింగు తొడిగి, సముద్రతీరంలో వదిలేవారు. అలా 900కి పైగా గూబల్ని తరలించారు. అలాంటి మనిషి ఉండి కూడా న్యూయార్క్‌లో ముందు తుపాకీయే వచ్చింది.

అందుకే నా ప్రశ్న. భోగాపురంలోనో, గన్నవరంలోనో, శంషాబాద్‌లోనో రాత్రి రెండింటికి డ్యూటీలో ఉన్నవాడికి గూబ కనిపిస్తే ఎవరికి ఫోన్ చేయాలి? తరమడానికి టపాసు పేలిస్తే అది బెదిరి ఎటు లేస్తుందో మన చేతిలో లేదు, రన్‌వే మీదికే రావచ్చు. పట్టుకోవాలంటే చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ రాతపూర్వక అనుమతి కావాలి. గూబను చూశాక ఆ కాగితానికి పరుగెత్తడం కాదు, ముందే తెప్పించి పెట్టుకునే ఏర్పాటు చేయించండి. వల వేయడం వచ్చిన మనిషినీ ముందే చూసి పెట్టించండి.

తరలింపంటే సంచిలో వేసి ఊరవతల వదిలి రావడం కాదు. గూడున్న పెద్ద గూబ తిరిగి అక్కడికే రావచ్చు, తల్లిని తీసుకుపోతే గూట్లో పిల్లలు చస్తాయి. షెడ్లలో కన్నాలు అది గూడు పెట్టకముందే మూయించాలి. చెత్త, ఎలుకలు అలాగే ఉంటే ఒకదాన్ని తీసిన చోటికి ఇంకోటి వస్తుంది. ఎయిర్‌పోర్టుకు 10 కిలోమీటర్ల లోపు చెత్త వేయకూడదన్న రూలు ఎలాగూ ఉంది, అమలు సంగతి మీకు తెలియంది కాదు.

ఎక్కడ వదలాలంటారా? వరి పొలాల వైపు. చిన్నప్పుడు మా ఊరి పెంకుటింటి బడి వసారాలో గూబ కక్కిన ఉండలు ఏరేవాళ్లం. బొటనవేలంత నల్లటి ఉండ. నీళ్లలో నానబెట్టి పుల్లతో విప్పితే బొచ్చు మధ్యలో ఎలుక పుర్రె, పచ్చటి పళ్లు. ఒక్కోదాంట్లో రెండు మూడు పుర్రెలు ఉండేవి. మలేసియాలో ఆయిల్‌పామ్ తోటల్లో గూబల కోసం పెట్టెలు కట్టి మరీ పిలుచుకుంటారు. అయితే ఎలుకల మందు చల్లే పొలంలో వదలొద్దు. మందు తిన్న ఎలుకను తిని గూబ కూడా పోతుంది.

ఇంకో భయం. దీపావళికి ముందు క్షుద్రపూజల పేరుతో గూబల్ని దొంగచాటుగా అమ్ముతారు. పట్టిన ప్రతి గూబకూ రింగు, ఫొటో, వదిలిన చోటు రాసిన కాగితం ఉండాలి.

ఎయిర్‌ఫీల్డ్ ఎన్విరాన్‌మెంట్ మేనేజ్‌మెంట్ కమిటీలు మాంసం దుకాణాలు, చెత్తకుప్పల గురించి మాట్లాడతాయి కదా. వచ్చే సమావేశంలో గూబల సంగతి కూడా పెట్టించండి. కంట్రోల్ రూమ్ గోడ మీద ఒక ఫోన్ నంబరు రాయించండి. ఎత్తేవాడు రాత్రిపూట మేలుకుని ఉండే మనిషైతే చాలు.

ఇట్లు,
విజయనగరం జిల్లా వాసి