వార్షిక నివేదిక 2024-25: బడి రికార్డులో మాతృభాష

గౌరవనీయులైన సభ్యులకు కార్యవర్గం తరఫున నమస్కారములు.

గత సర్వసభ్య సమావేశంలో మీరు చేసిన తీర్మానాన్ని అనుసరించి, ఉగాది సభకూ సన్మానాలకూ వెచ్చించే శ్రమలో అధిక భాగాన్ని ఈ ఏడాది పిల్లల చదువువైపు మళ్లించాము. సభలు తగ్గాయని కొందరు పెద్దలు నొచ్చుకున్నారు. వారి బాధ మాకు తెలియనిది కాదు. అయితే తమిళనాడులోని కృష్ణగిరి జిల్లాలో తెలుగు ఇంటిభాషగా ఉన్న పల్లెల్లోనే తెలుగు తరగతి మూతపడుతున్నప్పుడు, సభావేదిక మీద భాషను ఎంత పొగిడినా ప్రయోజనం లేదని కార్యవర్గం భావించింది. అందువల్ల ఈ సంవత్సరం మన పని ప్రధానంగా బడుల్లోని తెలుగు పిల్లల జాబితాలు రాయడమే అయింది.

జాబితాలకు ఇంత ప్రాధాన్యం ఎందుకో కొత్త సభ్యుల కోసం కొంత వివరంగా చెప్పవలసి ఉంది. 1956లో ఏడవ సవరణ ద్వారా రాజ్యాంగంలో చేరిన 350-ఎ అధికరణం, భాషాల్పసంఖ్యాక వర్గాల పిల్లలకు ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో బోధన అందేలా ప్రతి రాష్ట్రమూ తగిన సదుపాయాలు కల్పించే ప్రయత్నం చేయాలని చెబుతుంది. ఆ వాక్యంలో ‘ప్రయత్నం’ అన్న మాట దగ్గరే మన చిక్కంతా ఉంది, ఎందుకంటే ప్రయత్నించామని ఒక ఉత్తరం రాసి ఊరుకోవడానికి అది వీలిస్తుంది. దానికి ఆచరణలో కొలత ఏమిటన్నది అంతకుముందే, 1949లో జరిగిన రాష్ట్రాల విద్యామంత్రుల సమావేశంలో, తేలింది. ఒక తరగతిలో పదిమంది గాని, బడి మొత్తంమీద నలభైమంది గాని ఆ భాష పిల్లలు ఉంటే కనీసం ఒక ఉపాధ్యాయుణ్ణి నియమించాలన్నది ఆనాటి అంగీకారం. బడులు తెరవడానికి ముందే తల్లిదండ్రులు తమ పిల్లల మాతృభాషను నమోదు చేసుకునే వీలుండాలన్న ఏర్పాటు ఆ తరువాత తోడైంది. అంటే హక్కు రాజ్యాంగంలో ఉన్నప్పటికీ, దాన్ని కదిలించేది బడి రిజిస్టరులోని పదో పేరు. తొమ్మిది దగ్గర ఆగిపోతే అడగడానికి మనకు ఆధారం ఉండదు.

2011 జనగణన ప్రకారం తమిళనాడులో తెలుగును మాతృభాషగా చెప్పుకున్నవారు 42 లక్షలకు పైగా, అంటే జనాభాలో 5.87 శాతం. తమిళం తరువాత ఈ రాష్ట్రంలో ఎక్కువమంది మాతృభాష తెలుగే. ఇంతమంది ఉండగా పది పేర్లు దొరకకపోవడమేమిటని మేమూ అనుకున్నాము. ఇల్లిల్లూ తిరిగిన తరువాత గాని కారణం తెలియలేదు.

ఒక ప్రాథమిక పాఠశాలలో తెలుగు పిల్లలు ఎవరూ లేరని రికార్డు చెబుతోంది. మన కార్యకర్తలు ఆ బడి పిల్లల ఇళ్లకు వెళ్లి, ఒక్క తరగతిలోనే పదిమందికి మించి తెలుగు ఇళ్ల పిల్లలున్నారని గుర్తించారు. దరఖాస్తులో ‘తాయ్‌మొళి’ (మాతృభాష) అన్న గడి దగ్గరకు వచ్చేసరికి, తల్లి తమిళంలోనే సమాధానాలు చెబుతోంది కాబట్టి రాసేవారు తమిళం అని రాసేశారు, ఆమె వేలిముద్ర వేసింది. దీనిలో దురుద్దేశం ఉన్నదని మేము అనుకోవడం లేదు. అలవాటు ఉంది. అంతకంటె మాకు కష్టం కలిగించినది తల్లిదండ్రుల సంకోచం. తెలుగు అని రాయిస్తే పిల్లవాణ్ణి వేరే గదిలో కూర్చోబెడతారనీ, తమిళం రాక వెనుకబడిపోతాడనీ, పైతరగతులకు తెలుగు ఎలాగూ ఉండదు కదా అనీ వారు అన్నారు. ఈ మూడింటిలో చివరిదానికి మా దగ్గర మంచి జవాబు లేదన్న సంగతి సభ్యులకు దాచకుండా చెప్పడం ధర్మం.

ఆ చివరి ప్రశ్నకు మూలం, బడుల్లో తమిళాన్ని తప్పనిసరి చేసిన 2006 నాటి తమిళ అభ్యసన చట్టం. ఆ చట్టం ఒకటో తరగతితో మొదలై ఏడాదికొక తరగతి చొప్పున పైకి సాగి, 2015-16 నాటికి పదో తరగతిని చేరింది. దాని ప్రకారం చదువులో మొదటి భాగం తమిళం, రెండోది ఇంగ్లీషు, మూడోది తక్కిన పాఠ్యాంశాలు. మాతృభాష వేరుగా ఉన్న పిల్లలకు అది నాలుగో భాగంగా, ఐచ్ఛికంగా మిగిలింది. చట్టం తెలుగును నిషేధించలేదు గాని, ఐచ్ఛికమైన పాఠానికి పిల్లవాడు మొదట శ్రద్ధ తగ్గిస్తాడు, ఆపై మానేస్తాడు, సంఖ్య పది కంటె తగ్గుతుంది, ఉపాధ్యాయుడు పదవీ విరమణ చేసిన నాడు ఆ ఖాళీ అలాగే ఉండిపోతుంది. అల్పసంఖ్యాక భాషల బడుల పిల్లలకు పదో తరగతి తమిళ పరీక్ష నుంచి కోర్టులు మినహాయింపులు ఇస్తూ వచ్చిన మాట నిజమే. 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు కూడా మరొక ఏడాదికి పొడిగించింది. అయితే ఏడాదికేడాది అడిగి తెచ్చుకునే మినహాయింపును నమ్ముకొని ఏ తల్లీ తన బిడ్డను ఒకటో తరగతిలో చేర్చదు. మన పిల్లలు తమిళం బాగా నేర్చుకోవాలన్నదే ఈ సంఘం అభిప్రాయం. ఈ నేల మీద బతుకుతూ ఈ నేల భాష వద్దనడం తగదు. తెలుగు మార్కులకు కూడా విలువ ఉండాలనీ, ఉపాధ్యాయుల ఖాళీలు నింపాలనీ మాత్రమే అడుగుతున్నాము.

ఈ రెండు కోరికలతో విద్యాశాఖకు వినతిపత్రం ఇచ్చాము. రాష్ట్రంలో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా ఫిర్యాదు ఇచ్చుకునే హక్కును 350వ అధికరణం ఇస్తున్నది కాబట్టి దాన్ని తెలుగులోనే రాశాము. స్వీకరించిన కార్యాలయంలో ముందు కొంత తటపటాయించారు. తమిళ ప్రతి జతచేసిన తరువాత రసీదు ఇచ్చారు. సమాధానం ఇంకా రాలేదు. 350-బి అధికరణం కింద ఏర్పడిన భాషాల్పసంఖ్యాక వర్గాల కమిషనరుకు కూడా ప్రతి పంపాము. ఆ అధికారి నివేదికలు పార్లమెంటు ముందుకు వెళ్తాయి కాబట్టి కనీసం మన బడుల పేర్లు ఒక కాగితం మీద నిలుస్తాయని ఆశ.

వలస వచ్చిన కుటుంబాల పిల్లల విషయంలో ఈ ఏడాది పని ఎక్కువ ఫలితం ఇచ్చింది. హోసూరు చుట్టుపక్కల కట్టడాల పనికి సరిహద్దు అవతలి నుంచి వచ్చే కుటుంబాలు చదువుల సంవత్సరం మధ్యలో వస్తాయి, మధ్యలోనే వెళ్లిపోతాయి. టీసీ లేదని పిల్లలను తిప్పి పంపిన సందర్భాలు మా దృష్టికి వచ్చాయి. 2009 విద్యాహక్కు చట్టం అయిదో సెక్షను ప్రకారం బదిలీ పత్రం ఆలస్యమైందన్న కారణంతో ప్రవేశం ఆపకూడదు. పద్నాలుగో సెక్షను ప్రకారం వయసు ధ్రువపత్రం లేదని నిరాకరించకూడదు. నాలుగో సెక్షను ప్రకారం ఎన్నడూ బడికి పోని పిల్లను వయసుకు తగిన తరగతిలో చేర్చుకొని ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి. ఈ మూడు సెక్షన్లనూ తెలుగు, తమిళాల్లో ఒకే కాగితం మీద అచ్చువేసి కార్యకర్తల చేతికి ఇచ్చాము. ప్రధానోపాధ్యాయులతో వాదన పెట్టుకోవద్దనీ, కాగితం చూపి నెమ్మదిగా అడగమనీ చెప్పాము. చాలా చోట్ల అంతే సరిపోయింది. చేరిన పిల్లలకు తమిళ అక్షరాలు నేర్పేందుకు సాయంత్రం తరగతి నడిపినది మన సభ్యురాలైన ఒక విశ్రాంత తమిళ పండితురాలు అన్న సంగతిని సంతోషంతో నమోదు చేస్తున్నాము.

సాయంత్రపు తెలుగు తరగతులు మాత్రం ఆశించినట్లు సాగలేదు. పరీక్షల కాలంలో రెండు కేంద్రాలు నిలిచిపోయాయి.

కేంద్రానికీ రాష్ట్రానికీ మధ్య మూడు భాషల విషయమై నడిచిన వివాదం మీద సంఘం ఎందుకు ప్రకటన ఇవ్వలేదని కొందరు సభ్యులు అడిగారు. రాష్ట్రంలో 1968 నుంచి రెండు భాషల విధానం నడుస్తున్నది. 2020 జాతీయ విద్యావిధానం మూడు భాషలంటున్నది. పత్రికల్లో వాదనంతా హిందీ చుట్టూనే తిరిగింది. ఇంట్లో తెలుగో, కన్నడమో, ఉర్దూయో మాట్లాడే పిల్లవాడి ప్రస్తావన ఇరుపక్షాల మాటల్లోనూ మాకు కనిపించలేదు కాబట్టి, ఏ పక్షాన చేరినా మన మాట అందులో కలిసిపోతుందని కార్యవర్గం ఊరుకున్నది. ఇదే సందర్భంలో మరొకటి కూడా చెప్పవలసి ఉంది. సుప్రీంకోర్టు 2002లో ఇచ్చిన టి.ఎం.ఎ. పాయ్ తీర్పు ప్రకారం ఎవరు అల్పసంఖ్యాకులన్నది రాష్ట్రాన్నిబట్టి నిర్ణయమవుతుంది. ఇక్కడ మనం అల్పసంఖ్యాకులం, చిత్తూరులో తమిళులు, శ్రీకాకుళంలో ఒడియావారు అల్పసంఖ్యాకులు. తెలంగాణ 2018లో అన్ని బడుల్లోనూ తెలుగును తప్పనిసరి చేస్తూ చట్టం చేసినప్పుడు మనలో పలువురు చప్పట్లు కొట్టారు. ఇక్కడ మనం అడుగుతున్నది అక్కడి వారికి కాదనే నోరు మనకు ఉండకూడదని కార్యవర్గం అభిప్రాయం. దీనితో ఏకీభవించని సభ్యులు సమావేశంలో నిస్సంకోచంగా మాట్లాడవచ్చు.

జమాఖర్చుల పట్టికను కోశాధికారి విడిగా సమర్పిస్తారు.

రాబోయే కాలంలో అన్నిటికంటె పెద్ద పని జనగణన. 2021లో జరగవలసినది ఆగిపోయి, 2027 మార్చి 1 ప్రాతిపదికగా జరుగుతుందని 2025 జూన్‌లో ప్రకటన వెలువడింది. ఒక ప్రాంతంలో భాషాల్పసంఖ్యాకులు 15 శాతం ఉంటే ముఖ్యమైన నియమాలనూ ప్రకటనలనూ వారి భాషలో ప్రచురించాలన్న ఏర్పాటుకు ఈ లెక్కలే ఆధారం. మాతృభాష గడిలో ఇంటివారు చెప్పినదే రాయాలి. ఇతర భాషలు తెలిస్తే వాటిని వేరే గడిలో చెప్పవచ్చు. బడి దరఖాస్తులో జరిగినది ఇక్కడా జరగకుండా, ప్రతి వీధికీ ఇద్దరు సభ్యులు ముందుగా ఇళ్లకు వెళ్లి ఈ విషయం వివరించవలసి ఉంది. ఇంతవరకు పేర్లు ఇచ్చిన వీధులు సగం కూడా లేవు. మిగిలిన వీధుల సభ్యులు ఈ సమావేశం ముగిసేలోగా తమ పేర్లు కార్యదర్శికి రాసి ఇవ్వవలసిందిగా కోరుతున్నాము.

కార్యవర్గం తరఫున,
కార్యదర్శి