డ్యూటీ చార్టు వేసేవారే ముందు చదవాలి

సంపాదకుడు గారికి,

పనిచోట అలసట తెచ్చే ప్రమాదాలను అదుపు చేయడంపై పీజీ కోర్సు గురించి పోయిన వారం మీరు వార్త వేశారు. దానిపై ఒక పాఠకుడు "నిద్రొస్తే ముఖం కడుక్కోవాలి గానీ, దీనికీ ఒక డిగ్రీయా?" అని రాశారు. నాలుగు రోజులు ఊరుకున్నాను. ఇక ఉండబట్టక రాస్తున్నాను.

నేను 19 ఏళ్లు కంట్రోల్ రూములో షిఫ్టు డ్యూటీ చేశాను. ఒక రాత్రి నా తర్వాత డ్యూటీ ఎక్కాల్సిన రిలీవర్ రాక డబుల్ డ్యూటీ పడింది. తెల్లారాక లాగ్ బుక్కు చూసుకుంటే మూడు గంటల ప్రెషర్ రీడింగు, నాలుగు గంటల రీడింగు ఒకటే అంకె. నా అక్షరాలు గీత దాటి కిందికి జారిపోయి ఉన్నాయి. ఆ రెండో అంకె మీటరు చూసి వేశానో, పైదాన్ని చూసి దించేశానో ఈ రోజుకీ చెప్పలేను. ముఖం రెండుసార్లు కడుక్కున్నాను, కళ్లు తెరిచే ఉన్నాను.

17 గంటలు మెలకువగా ఉన్న మనిషి పనితీరు, రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నవాడి పనితీరు స్థాయికి పడిపోతుందని 1997లోనే పరిశోధకులు చూపించారు. తాగి వచ్చినవాణ్ని గేటు దగ్గరే ఆపేస్తారు. 16 గంటల డ్యూటీ చేసినవాణ్ని మాత్రం "ఇంకో గంట సర్దుకో" అంటారు. పైగా, అలసిన మనిషికి తానెంత అలసిపోయాడో తెలియదు. షిఫ్టులు ఏ వరుసలో మార్చాలి, రెండు షిఫ్టుల మధ్య ఎంత విరామం ఉండాలి, కునుకు తీసి లేచాక ఆ మత్తు దిగేదాకా ఎంతసేపు ఆగాలి అన్నవి చదివి నేర్చుకోవాల్సిన సంగతులే. విమానాలు నడిపేవాళ్ల అలసటకు 2011లోనే అంతర్జాతీయ ప్రమాణాలు వచ్చాయి. మిగతా పనుల్లో మనుషులకు నిద్ర అక్కర్లేదా?

1989 మార్చి 24న అర్ధరాత్రి దాటాక ఎక్సాన్ వాల్డెజ్ ఓడ అలాస్కా దగ్గర రాతి దిబ్బకెక్కి సముద్రం నిండా చమురు పోసింది. జనానికి గుర్తున్నది కెప్టెన్ తాగుడే. అమెరికా రవాణా భద్రతా బోర్డు మాత్రం ఆ వేళ ఓడను నడిపిస్తున్న థర్డ్ మేట్ అనే కింది అధికారి అలసటను, అతని మీద పడ్డ అధిక పనిని కూడా కారణాల్లో రాసింది. తగిన విశ్రాంతి ఉన్న సిబ్బందిని ఇవ్వలేదని కంపెనీనీ తప్పుపట్టింది. నేను చూసిన విచారణలన్నీ "మానవ తప్పిదం" అన్న రెండు మాటలతో ముగిశాయి. తప్పు చేశాడన్న మనిషి ముందురోజు ఎన్ని గంటలు నిద్రపోయాడని ఒక్కరూ అడగలేదు, ఫారంలో దానికి గడి కూడా లేదు. హెల్మెట్లు, బూట్లు వారం వారం చూస్తారు. డ్యూటీ గంటల రిజిస్టరు తెరిచేది ఓవర్‌టైమ్ బిల్లు కోసమే. తప్పు రాసే ఆ పెద్దలు రాత్రి మూడింటికి ప్లాంటులో అడుగుపెట్టగా నేనెన్నడూ చూడలేదు.

ఈ కోర్సుకు ముందు పంపాల్సింది డ్యూటీ చార్టు వేసేవాళ్లను, దాని మీద సంతకం పెట్టేవాళ్లను. చదివొచ్చినవారికి ప్రమాదకరమైన చార్టును ఆపే అధికారం ఇస్తారా, లేక గోడల మీద పోస్టర్లు అంటించే పని అప్పజెబుతారా? మీ వార్తలో ఆ ఊసే లేదు. దయచేసి కనుక్కుని రాయండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ షిఫ్టు ఆపరేటర్