జాక్సన్ ఎవరి అధ్యక్షుడు?

సంపాదకుల వారికి,

ఆదివారం మీ పత్రికలో వచ్చిన వ్యాసం అమెరికా ఏడో అధ్యక్షుడు ఆండ్రూ జాక్సన్‌ను ‘సామాన్యుల అధ్యక్షుడు’ అంది. హైస్కూల్లో 30 ఏళ్లు సోషల్ చెప్పాను. నేనూ పిల్లలకు ఆ మాటే చెప్పాను. పోయిన వేసవిలో నాష్‌విల్‌లో ఉన్న మా అబ్బాయి దగ్గరికి వెళ్లి, అక్కడికి దగ్గర్లోని జాక్సన్ ఎస్టేట్ హెర్మిటేజ్ చూసి వచ్చాక ఆ మాట నా నోట రావడం లేదు.

తెల్ల స్తంభాల బంగళా వెనక దుంగలతో కట్టిన ఇల్లొకటి ఉంది. ఆల్‌ఫ్రెడ్ అనే బానిస ఉన్న ఇల్లు. జాక్సన్ 1845లో పోయేనాటికి ఆయన బానిసలు 150 మంది దాకా ఉన్నారు. వాళ్లు పండించింది పత్తి. పత్తి తీయడం ఎంత కష్టమో మా గుంటూరు వైపు వాళ్లకు తెలుసు. అక్కడ ఆ కష్టానికి కూలి కూడా లేదు.

జాక్సన్ పెద్ద బ్యాంకును ఎదిరించాడని వ్యాసకర్త రాసింది కాదనను. 1832లో అప్పటి జాతీయ బ్యాంకు ‘సెకండ్ బ్యాంక్’ గడువు పొడిగించే బిల్లును వీటో చేస్తూ, డబ్బూ పలుకుబడీ ఉన్నవాళ్లు ప్రభుత్వాన్ని తమ స్వార్థానికి వాడుకుంటున్నారని జాక్సన్ అన్నాడు. మనస్ఫూర్తిగానే అన్నాడని నా నమ్మకం. కానీ ఆ తర్వాత ఆ బ్యాంకుకు బదులు ప్రభుత్వ సొమ్ము చేరిన రాష్ట్ర బ్యాంకులకు ప్రత్యర్థులు జాక్సన్ ‘పెంపుడు బ్యాంకులు’ అని పేరు పెట్టారు. ఆయన డెమోక్రటిక్ పార్టీలోనూ అంతే. అమెరికా చట్టసభ (కాంగ్రెస్) సభ్యులు తమలో తామే పార్టీ అభ్యర్థిని తేల్చే పద్ధతి పోయి, 1832లో బాల్టిమోర్‌లో డెమోక్రాట్ల తొలి జాతీయ సభ జరిగింది. ఆ సభ ఉపాధ్యక్ష పదవికి నిలబెట్టింది జాక్సన్ కోరుకున్న వాన్ బ్యూరెన్‌నే. తర్వాత అధ్యక్షుడైందీ ఆయనే.

నన్ను ఎక్కువ బాధపెట్టింది భూమి సంగతి. ఆదివాసులను మిసిసిపీ నది అవతలికి పంపే 1830 నాటి చట్టం ప్రతినిధుల సభలో 102-97 ఓట్లతో, అంటే కేవలం ఐదు ఓట్ల తేడాతో గట్టెక్కింది. ఆ ఆదివాసుల్లో ఒక తెగ అయిన చెరోకీలకు సొంత లిపి, పత్రిక, రాజ్యాంగం ఉన్నాయి. 1832లో సుప్రీంకోర్టు తీర్పు కూడా వాళ్ల వైపే వచ్చింది. అదే ఏడాది, వాళ్లింకా అక్కడే కాపురం ఉండగానే, జార్జియా రాష్ట్రం వాళ్ల భూముల్ని లాటరీ తీసి తెల్లవాళ్లకు పంచింది. 1838లో, వాన్ బ్యూరెన్ హయాంలో, సైన్యం వాళ్లను ఇళ్లలోంచి పట్టుకొచ్చి శిబిరాల్లో పెట్టింది. ఆ శిబిరాల్లో, పడమటి దారిలో దాదాపు 4,000 మంది పోయారని అంచనా.

లాటరీలో భూమి వచ్చిన తెల్ల రైతూ సామాన్యుడే. అతనికి జాక్సన్ దేవుడే. అందుకే జాక్సన్‌ది ఉత్త జనాకర్షణ అని నేను అనడం లేదు. ఆ రైతుకు ఇచ్చింది ఎవరి దగ్గర లాక్కున్నదో వ్యాసంలో ఒక్క వాక్యమూ లేదు. వ్యాసకర్త ఈ విషయం మీద మళ్లీ రాస్తే, ఆ లాటరీ గురించి తప్పకుండా రాయాలని కోరుతున్నాను.

— ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుడు, తెనాలి