బూతు వింటే వచ్చిన కోపం నత్తిని వెక్కిరిస్తే ఎందుకు రాదు?

సంపాదకులు గారికి,

నమస్కారం. 'ఇండియాస్ గాట్ లేటెంట్' అనే హిందీ యూట్యూబ్ షో మీద 2025 ఫిబ్రవరిలో లేచిన గొడవ, కేసులు, కోర్టు వాయిదాలు అన్నీ పేపర్లలో చదివాం. ఆ కమెడియన్ల సంగతి కోర్టులు చూసుకుంటాయి. నేను రాసేది ఆ షోకు నవ్వినవాళ్ల గురించి, తిట్టినవాళ్ల గురించి. పెళ్లిళ్లలో, కాలేజీ ఫంక్షన్లలో మిమిక్రీ చేసుకునే మనిషిని. జనం ఎక్కడ నవ్వుతారో, ఎక్కడ ముఖం మాడ్చుకుంటారో చూసుకోకపోతే మాకు పూట గడవదు.

ఆ షో చూడనివాళ్ల కోసం నాలుగు ముక్కలు. సమయ్ రైనా అనే కమెడియన్ 2024 జూన్‌లో మొదలుపెట్టాడు. పోటీకి వచ్చినవాళ్లు తమ విద్య చూపిస్తారు, తమకు పదికి ఎన్ని మార్కులు వస్తాయో తామే వేసుకుంటారు. జడ్జీలు ఇచ్చిన మార్కుల సగటు దానికి సరిపోతే గెలిచినట్టే. ఆట వరకు చూస్తే తెలివైన ఆలోచన, మన ఊళ్లో టాలెంట్ పోటీలు పెట్టేవాళ్లు కూడా వాడుకోవచ్చు. కానీ చాలామంది ఆ షో చూసింది మార్కుల కోసం కాదు, మధ్యలో జడ్జీలు విసిరే పంచ్‌ల కోసం. వచ్చినవాణ్ని ఎంత ఉతికితే అంత నవ్వు. ఆ ఊపులోనే, జడ్జిగా వచ్చిన రణ్‌వీర్ అల్లాబాదియా అనే యూట్యూబర్ ఒక పోటీదారుణ్ని అతని తల్లిదండ్రుల గురించి అడగకూడని ప్రశ్న అడిగాడు. ముంబైలో, గువాహటిలో కేసులు పడ్డాయి. రైనా తన ఛానల్ నుంచి ఎపిసోడ్లన్నీ తీసేశాడు. ఫిబ్రవరి 18న సుప్రీంకోర్టు అల్లాబాదియాను అరెస్టు చేయవద్దని చెబుతూనే గట్టిగా చీవాట్లు పెట్టింది. మర్యాద తప్పనని హామీ ఇచ్చి అతను తన సొంత యూట్యూబ్ షో నడుపుకోవచ్చని మార్చి 3న చెప్పింది.

అప్పుడు మా హనుమకొండలో జనం రెండుగా చీలిపోయారు. నయీంనగర్, హంటర్ రోడ్ వైపు హాస్టళ్లలో ఉండే పిల్లలది ఒక పక్షం. "జోకును జోకులా చూడాలి అన్నా, ఇష్టం లేనోళ్లు చూడకండి" అన్నారు. పెద్దవాళ్లది రెండో పక్షం. జైల్లో వేయాలి, యూట్యూబ్ మూసేయాలి అన్నారు. తమాషా ఏమిటంటే, నాకు ఆ క్లిప్ వచ్చింది పిల్లల దగ్గర నుంచి కాదు. "చూడండి దేశం ఎటు పోతోందో" అని మా కాలనీ వాట్సాప్ గ్రూపులో పెద్దమనుషులే పంపారు. ఆ షో పేరు కూడా వినని ఆడవాళ్లు, తల్లిదండ్రుల ఫోన్లు చేతిలో ఉన్న బడి పిల్లలు ఆ మాట విన్నది అలాగే. టీవీ వాళ్లు 'బీప్' వేసి రోజంతా తిప్పారు. ఆ బీప్ వల్ల ఆ మాటేమిటో తెలుసుకోవాలనే ఆత్రం ఇంకా పెరిగింది.

ఆ ప్రశ్న రోతగా ఉందనడంలో నాకు రెండో మాట లేదు. నాకు అర్థం కానిది తర్వాత జరిగింది. అదే రైనా, మరికొందరు కమెడియన్లు దివ్యాంగుల మీద వేసిన జోకుల గురించి ఒక సంస్థ సుప్రీంకోర్టుకు వెళ్లింది. అది ఎస్ఎంఏ అనే కండరాల జబ్బుతో పుట్టిన పిల్లల కోసం పనిచేసే సంస్థ. ఈ జబ్బుకు వాడే ఒక ఇంజెక్షన్ సుమారు 16 కోట్ల రూపాయలు. దాని కోసం చందాలు అడిగే తల్లిదండ్రుల వార్తలు మన తెలుగు పేపర్లలో కూడా వచ్చాయి. అంత ఖరీదైన మందు అవసరమైన పసిబిడ్డ మీద కూడా జోకు వేశారు. 2025 ఆగస్టులో కోర్టు ఆ కమెడియన్లను తమ ఛానళ్లలోనే క్షమాపణ చెప్పమంది. ఈ వార్త మా వాట్సాప్ గ్రూపులో ఒక్కరూ పెట్టలేదు. జైల్లో వేయాలన్న పెద్దమనుషులు నోరు మెదపలేదు.

ఎందుకు మెదపలేదంటే, అందులో బూతు లేదు. తల్లిదండ్రుల పడకగది మాట వస్తే మనకు ఒళ్లు మండుతుంది. కుంటినడక, నత్తి, మెల్లకన్ను, నల్లరంగు, లావు శరీరం మీద జోకు వస్తే మాత్రం అది 'కుటుంబమంతా కలిసి చూసే కామెడీ' అవుతుంది. మన టీవీ కామెడీ స్కిట్లలో ఇవి తీసేస్తే ఎన్ని నిమిషాలు మిగులుతాయో చూడండి. నాకు ప్రోగ్రాం మాట్లాడుకునేటప్పుడు ఆర్గనైజర్లు పెట్టే షరతు ఒకటే: "డబుల్ మీనింగులు వద్దు సార్, లేడీస్ ఉంటారు." ఆ వెంటనే, "నత్తి ఐటెం మాత్రం తప్పకుండా పెట్టండి, అదిరిపోతుంది" అంటారు. ఆ హాల్లో నత్తి ఉన్న పిల్లవాడు ఉంటాడేమో అని ఎవరూ అడగరు. నేను అడిగితే, "అంత సీరియస్‌గా తీసుకుంటే ఎట్లా" అని నవ్వుతారు. హాస్టల్ పిల్లలు చెప్పిన మాట ఇదే కదా!

"వాళ్లంతట వాళ్లే స్టేజీ ఎక్కారు కదా" అనే వాదన కూడా వింటున్నాను. పోటీకి వచ్చినవాడి విషయంలో అందులో కొంత నిజం ఉంది. తిట్లు పడతాయని తెలిసే వస్తాడు. అయినా కెమెరా ముందు ఇరవై ఏళ్ల కుర్రాడు ఇబ్బందిగా నవ్విన నవ్వును ఒప్పుకోలు అనుకోకూడదు. జడ్జి ఆ ప్రశ్న అడిగినప్పుడు ఎదుట నిలబడ్డ మనిషికి ఎట్లా ఉండి ఉంటుందో ఆ రెండు పక్షాల్లో ఎవరూ మాట్లాడలేదు. ఇక ఉయ్యాలలో ఉన్న పసిబిడ్డ ఏ స్టేజీ ఎక్కింది?

పాత రోజుల్లో హాస్యమంతా పూజ చేసుకునేలా ఉండేదని నేను అనను. రాత్రిపూట ఊళ్లల్లో ఆడే ఆటల్లో మోటు మాటలకు కొదవ లేదు. కానీ మన తుపాకి రాముణ్ని గుర్తు చేసుకోండి. ఖాకీ బట్టలు, టోపీ, భుజాన కట్టె తుపాకి. ఇంటింటి ముందు నిలబడి కోట్ల ఆస్తుల గురించి కోతలు కోసి, చివరికి బియ్యం అడుక్కుంటాడు. దొరను ఎగతాళి చేస్తాడు, దొర వేషంలో ఉన్న తనను ఇంకా ఎక్కువ చేసుకుంటాడు. మన వరంగల్ మట్టెవాడలో పుట్టిన నేరెళ్ల వేణుమాధవ్ గారు పద్మశ్రీ వరకు వెళ్లింది పెద్ద పెద్ద నటుల, నాయకుల గొంతులను దింపి. మైకు తమ చేతిలోనే ఉన్నవాళ్లను అనుకరించారు. ఎదురు మాట్లాడలేనివాణ్ని పట్టుకుని నవ్వించడం మాత్రం ఈ విద్యలో అన్నిటికంటే సులువైన పని. రెండు రోజులు నేర్పిస్తే ఎవరైనా చేస్తారు.

చట్టం కూడా ఈ విషయంలో మనకంటే ముందుంది. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో సెక్షన్ 92 ప్రకారం, నలుగురు చూసే చోట దివ్యాంగుణ్ని చిన్నబుచ్చాలని కావాలని అవమానిస్తే ఆరు నెలలకు తగ్గకుండా, ఐదేళ్ల వరకు జైలు, జరిమానా. ఒక హిందీ సినిమాపై వచ్చిన కేసులో సుప్రీంకోర్టు 2024 జూలైలో, వైకల్యాన్ని అర్థం చేసుకునేలా చేసే హాస్యం వేరు, వాళ్లను కించపరిచే హాస్యం వేరు అని స్పష్టంగా విడదీసి చెప్పింది. అదే నెలలో ఒక తండ్రీకూతుళ్ల వీడియోపై అసహ్యంగా మాట్లాడిన తెలుగు యూట్యూబర్‌ను మన తెలంగాణ పోలీసులు బెంగళూరు వెళ్లి అరెస్టు చేశారు. అప్పుడు తెలుగువాళ్లంతా ఒక్కటై మండిపడ్డారు, బాగుంది. అంటే మనకు కోపం రాదని కాదు. దాన్ని దేని మీద చూపించాలో మాత్రం మనమే ఎంచుకుంటున్నాం.

షోలు నిషేధించాలని నేను అడగడం లేదు. నిషేధం మొదలైతే చివరికి మా కడుపు మీదే పడుతుంది, నాయకుడి గొంతు దింపినా కేసు పెడతారు. నేను అడిగేవి చిన్నవి. భద్రకాళి బండ్ మీద, వేయిస్తంభాల గుడి దగ్గర మైకు పట్టుకుని దారినపోయేవాళ్లను ప్రశ్నలతో ఆడించే మన లోకల్ ఛానళ్లు, వీడియో పెట్టేముందు ఆ మనిషికి చూపించి సరేననిపించుకోవాలి. తర్వాత తీసేయమంటే తీసేయాలి. స్కూలు, కాలేజీ యానివర్సరీలు పెట్టే ప్రిన్సిపాళ్లు డబుల్ మీనింగులతో పాటు నత్తి, కుంటి ఐటెంలు కూడా వద్దని కళాకారులకు ముందే చెప్పాలి. చెబితే మేం మానేస్తాం, మా దగ్గర వేరే సరుకు లేక కాదు.

మీ పత్రికకు ఒక విన్నపం. ఇలాంటి గొడవ మళ్లీ వచ్చినప్పుడు ఆ మాటేమిటో పాఠకుడు ఊహించుకునేలా చుక్కలు పెట్టి వేయకండి. ఆ జాగాలో సెక్షన్ 92 కింద పోలీసులకు, రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్‌కు ఫిర్యాదు ఎట్లా రాయాలో జిల్లా పేజీలో వేయండి.

ఇట్లు,
ఒక మిమిక్రీ కళాకారుడు,
హనుమకొండ