ఎనిమిది మంది తక్కువైన రాత్రి

వెస్ట్ డెమోయిన్, అయోవా
9 ఫిబ్రవరి 2020, ఆదివారం

ప్రియమైన మెస్సు మంత్రీ,

దసరాకు నువ్వు రాసిన ఉత్తరానికి ఫిబ్రవరిలో జవాబు రాస్తున్నందుకు తిట్టదలచుకున్నవన్నీ ముందుగా తిట్టేసి, కోపం చల్లారిన తరువాత ఇది చదువు. అమ్మ మోకాలి నొప్పి తగ్గింది, పెద్దది కాలేజీలకు దరఖాస్తులు పెట్టింది, ఇక్కడి చలి గురించి చెప్పుకోవడం మానేశాను. ఇక అసలు సంగతికి, అంటే ఇక్కడి అధ్యక్ష ఎన్నికల గొడవకు వస్తాను, ఎందుకంటే గత సోమవారం రాత్రి నుంచి ఇది కడుపులో పెట్టుకొని తిరుగుతున్నాను. దీని రుచి తెలిసినవాడివి భూమి మీద నువ్వొక్కడివే.

నిరుడు జూలైలో పౌరసత్వ ప్రమాణం చేశానని ఫోనులో చెప్పాను కదా. 2008లో ఇదే ఊళ్లో హెచ్‌1బీ మీద ఉన్నప్పుడు, ఒబామాకు ఒక్క డాలరు ఇవ్వడానికి కూడా చట్టం నన్ను అనుమతించలేదు. గ్రీన్ కార్డు వచ్చాక డబ్బు ఇవ్వవచ్చు గానీ ఓటు లేదు. అంటే ఈ దేశం మొదట నా చందా పుచ్చుకొని, ఆ తరువాతే నా అభిప్రాయం అడిగింది. ఓటరుకు అభ్యర్థి ముట్టజెప్పడం చూసి పెరిగినవాడికి, ఓటరే అభ్యర్థికి ఇచ్చుకొని రసీదు దాచుకోవడం చాలాకాలం వింతగానే ఉండింది.

నిరుడంతా ఇక్కడ చందాల కాలమే నడిచింది. ఈ ఏటి అధ్యక్ష ఎన్నికలలో డెమోక్రాటిక్ పార్టీ అభ్యర్థి కావడానికి ఇరవై మందికి పైగా పోటీకి దిగారు. జూన్‌లో జరిగే మొదటి టీవీ చర్చలో చోటు కావాలంటే, సర్వేలలో కాస్త బలం చూపించాలి, లేదా 65 వేల మంది దాతలను చూపించాలి; అందులోనూ కనీసం 20 రాష్ట్రాలలో, ఒక్కొక్క దానిలో 200 మంది ఉండాలి. సెప్టెంబరు చర్చ నాటికి దాతల సంఖ్యను 1,30,000 చేసి, సర్వేల బలం కూడా తప్పనిసరి చేశారు. తలల లెక్కకు వచ్చేసరికి రెండు వేల డాలర్లు ఇచ్చే ఒక డాక్టరు కంటే తలా ఒక డాలరు ఇచ్చే ఇద్దరు గుమాస్తాలే ఎక్కువ విలువైనవారు అయిపోయారు. "ఒక్క డాలరు ఇవ్వండి, చాలు" అని సెనేటర్లు, గవర్నర్లు ప్రాధేయపడుతుంటే, హాస్టలు ఎన్నికలలో గదిగదికీ డబ్బా పట్టుకొని తిరిగిన మనం గుర్తుకొచ్చాము. సెప్టెంబరు చివరలో సెనేటర్ బుకర్, పది రోజులలో 17 లక్షల డాలర్లు రాకపోతే పోటీ నుంచి తప్పుకుంటానని బాహాటంగా ప్రకటించాడు. మా ఆవిడ జాలిపడి పది డాలర్లు పంపింది. ఆ మొత్తం గడువులోగా సమకూరింది, ఆయన జనవరి 13 వరకు నిలిచాడు, మా ఆవిడకు వచ్చే ఈమెయిళ్లు మాత్రం ఈ రోజు వరకు ఆగలేదు. ఆ పది డాలర్ల పుణ్యాన ఆమె పేరు ఎవరెవరి జాబితాలలోకి ఎక్కిందో బ్రహ్మకే తెలియాలి.

నీకు తప్పకుండా నచ్చే నియమం ఒకటుంది. ఒకరు ఒక అభ్యర్థికి ప్రైమరీలలో, అంటే పార్టీ అభ్యర్థిని ఎంచే దశలో, 2,800 డాలర్లకు మించి ఇవ్వకూడదు. 200 దాటితే దాత పేరు, చిరునామా, వృత్తి, యజమాని వివరాలు కోశాధికారి నమోదు చేసి ఎన్నికల కమిషనుకు సమర్పించాలి. ఆ నియమం మన హాస్టలులో ఉండి ఉంటే నేను జైలులో ఉండేవాడిని. ఆ రెండు అరటి గెలలు ఏ పద్దు కింద చూపించేవాడినో నువ్వే చెప్పు.

డబ్బు లేకపోతే ఏమవుతుందో కమలా హారిస్ చూపించింది. మొదటి చర్చ తరువాత ఆమె కోసం ఎగబడిన జనమే చల్లబడ్డారు. డిసెంబరు 3న, పోటీ కొనసాగించడానికి కావలసిన సొమ్ము లేదని చెప్పి తప్పుకుంది. నిరుటి చివరి మూడు నెలల్లో మిగతా అభ్యర్థులలో శాండర్స్ 34.5 మిలియన్ డాలర్లు, బుటిజెజ్ 24.7 మిలియన్లు, బైడెన్ 22.7 మిలియన్లు కూడబెట్టారు. శాండర్స్‌కు వచ్చినవి ఎక్కువగా చిల్లర చందాలే, సగటున 18 డాలర్లు. ఇక కుబేరుడు బ్లూమ్‌బర్గ్ ఎవరినీ చేయి చాచి అడగలేదు. అదే మూడు నెలల్లో సొంత జేబులోంచి 188 మిలియన్లు ఖర్చు పెట్టి, మా అయోవా గడప తొక్కకుండానే పోటీలో ఉన్నాడు. అంత డబ్బున్నవాడు మా ఇంటి తలుపు తట్టకపోవడం నాకు కొంచెం చిన్నతనంగానే అనిపించింది సుమా.

పొత్తుల సంగతి కూడా చెప్పాలి, లేకపోతే సోమవారం కథ నీకు పట్టుపడదు. జనవరి 2న పోటీ నుంచి తప్పుకున్న కాస్ట్రో నాలుగు రోజులకే మరో అభ్యర్థి, సెనేటర్ వారెన్ పక్షాన చేరాడు. మా రాష్ట్ర మాజీ గవర్నరు విల్సాక్ నవంబరులోనే బైడెన్ వైపు నిలిచాడు. పెద్దాయన మాట కదా అని నేనూ బైడెన్ పక్షమే అయ్యాను. మా ఆవిడ క్లోబుషార్ అన్నది. పొరుగు రాష్ట్రం మిన్నెసోటా సెనేటరు, ఆడమనిషి, ఖర్చు చూసి పెట్టే రకం. మా ఆవిడ తనలో చూసుకునే గుణాలన్నీ ఆవిడలో ఉన్నాయి. ట్రంప్ అభిశంసన విచారణ వల్ల పోటీలో ఉన్న సెనేటర్లంతా జనవరిలో వాషింగ్టన్‌లో చిక్కుబడితే, బైడెన్ ఇక్కడ తీరికగా తిరిగాడు కాబట్టి గెలుపు మాదేనని నేను వాదించాను. "చూద్దాం" అన్నది ఆమె. ఆ "చూద్దాం" ఎలా ఉంటుందో నీకు తెలుసు.

ఇక సోమవారం. పార్టీ అభ్యర్థిని ఎంచడానికి మా అయోవాలో జరిగేది కాకస్. కాకస్ అంటే పెట్టెలో కాగితం వేసి ఇంటికి రావడం కాదు. సాయంత్రం ఏడు గంటలకు పేటలోని పార్టీ వాళ్లందరూ ఒకచోట చేరి, తమ అభ్యర్థి పేరున ఒక మూల నిలబడాలి, తలలు లెక్కపెడతారు. హాజరైనవారిలో 15 శాతం లేని గుంపు చెల్లదు. చెల్లని గుంపులోని వాళ్లు గట్టెక్కిన గుంపులో కలవవచ్చు, తమలాంటి మరొక గుంపుతో కలిసి గీత దాటవచ్చు, లేదా ఇంటికి పోవచ్చు. గట్టెక్కినవారు మాత్రం కదలడానికి వీలులేదు.

మా పేట వాళ్లం ఒక ప్రాథమిక పాఠశాల జిమ్ములో చేరాము. బాస్కెట్‌బాల్ బుట్ట కింద బైడెన్ మూల. ఎదురుగా, పిల్లల కోసం వేసిన పొట్టి బెంచీల దగ్గర క్లోబుషార్ మూల. ప్రతి గుంపూ బిస్కెట్లు పెట్టుకొని ఊగిసలాడేవాళ్లను పిలవడం ఇక్కడి ఆనవాయితీ కాబట్టి, నేను ముందురోజు మా ఆవిడ చేసిన చెక్కల డబ్బా తెచ్చి మా బల్ల మీద పెట్టాను. లోపలికి అడుగుపెట్టిన రెండో నిమిషంలోనే ఆమె వచ్చి, ఒక్క మాట అనకుండా ఆ డబ్బా తీసుకొని తన మూలకు వెళ్లిపోయింది. పొత్తుల రాజకీయంలో మేము చేసిన మొదటి తప్పు అదే.

212 మంది వచ్చారు కాబట్టి గీత 32 దగ్గర పడింది. బుటిజెజ్‌కు 58, వారెన్‌కు 44, శాండర్స్‌కు 41. ఈ ముగ్గురూ గట్టెక్కారు. క్లోబుషార్‌కు 27, మాకు 24, యాంగ్ అనే మరో అభ్యర్థికి 13, మిగతావారికి చిల్లరగా అయిదు. ఎనిమిదేళ్లు ఉపాధ్యక్షుడుగా చేసిన మనిషికి మా పేటలో ఎనిమిది మంది తక్కువయ్యారు, ఒరే! గుంపులో ఎవరూ ఎవరి ముఖమూ చూడలేదు.

అప్పుడు మొదలైంది బేరం. క్లోబుషార్ గుంపు పెద్ద ఒక విశ్రాంత లెక్కల టీచరమ్మ, చేతిలో చిన్న క్యాలిక్యులేటరు. ఆమె మా దగ్గరికి వచ్చి, మర్యాదగా, మీరందరూ మాతో కలిస్తే 51 మంది అవుతాము, ఈ పేట నుంచి కౌంటీ (జిల్లా) సభకు పోయే ఏడుగురు డెలిగేట్లలో, అంటే ప్రతినిధులలో, మనకు ఇద్దరు వస్తారు, ఒకరు మీవాడు, ఒకరు మావాడు అన్నది. ఇంతకంటే న్యాయమైన మాట ఉంటుందా? కానీ మా గుంపు పెద్దాయన, మీకంటే ముందు నుంచి ఉన్నవాళ్లం, మీరే మా దగ్గరికి రావాలి అన్నాడు. 24 మంది పెట్టుకొని 27 మందిని రమ్మన్నాడు! నాకు వెంటనే నువ్వు గుర్తుకొచ్చావు. రెండో సంవత్సరం వాళ్లు సంధికి వస్తే, "మంత్రి పదవి తప్ప ఏదైనా అడగండి" అని గుమ్మంలోనే నిలబెట్టి పంపావు చూడు, అచ్చం అదే గొంతు, అదే చూపుడు వేలు.

టీచరమ్మ మారు మాట్లాడలేదు. వెనక్కి తిరిగి సరాసరి యాంగ్ కుర్రవాళ్ల దగ్గరికి వెళ్లింది. అక్కడ అప్పటికే మా ఆవిడ నిలబడి ఉంది, చేతిలో డబ్బా. ఒక్కొక్కడూ రెండేసి చెక్కలు నములుతున్నాడు. ఏమి మాట్లాడుకున్నారో నాకు వినిపించలేదు గానీ, మా నుంచి వచ్చే మొదటి డెలిగేటు మీవాడే అని టీచరమ్మ మాట ఇచ్చిందని తరువాత తెలిసింది. ఆరుగురు కదిలారు. 27కు ఆరు కలిస్తే 33, గీత దాటింది, పొట్టి బెంచీల మీద నుంచి చప్పట్లు మోగాయి. మిగతా యాంగ్ కుర్రవాళ్లలో అయిదుగురు శాండర్స్ వైపు పోయారు, ఇద్దరు ఇంటికి పోయారు.

బుట్ట కింద మిగిలినది మేము 24 మందిమి. పదకొండు మంది బుటిజెజ్ దగ్గరికి, ఏడుగురు వారెన్ దగ్గరికి వెళ్లారు. మా పెద్దాయన ఎటు వెళ్లాడో కూడా నేను చూడలేదు. నేను ఆ జిమ్ము నేల మీది పసుపు గీతలన్నీ దాటుకుంటూ, మరో అయిదుగురితో కలిసి, మా ఆవిడ మూలకు నడిచాను. అంత పొడవైన నేల నేనెప్పుడూ నడవలేదు. ఆమె ఏమీ అనలేదు. డబ్బా మూత తీసి చూపించింది. లోపల ముక్కలు తప్ప ఏమీ లేవు.

ఇప్పుడు అసలు తమాషా విను. తుది లెక్కలో మా గుంపు 39 మంది. ఏడును 39తో గుణించి 212తో భాగిస్తే 1.29 వస్తుంది. అంటే ఒక్కరే డెలిగేటు! ఆ ఒక్క స్థానమూ టీచరమ్మ మాట ప్రకారం యాంగ్ కుర్రవాడికే వెళ్లింది. క్లోబుషార్ కోసం మంచులో ఇల్లిల్లూ తిరిగిన ఆ మనుషుల తరఫున కౌంటీ సభకు పోయేది, అరగంట క్రితం దాకా నెలకు వెయ్యి డాలర్లు అందరికీ పంచాలన్న పిల్లవాడు. మేము 24 మందిమీ ఒక్క మాట మీద వచ్చి ఉంటే గుంపు 57 అయ్యేది, ఇద్దరు వచ్చేవారు, రెండో స్థానం మాదయ్యేది. టీచరమ్మ క్యాలిక్యులేటరు నాకు చూపించి, "మాట అంటే మాటే కదా" అన్నది. నాకు ఆమె మీద కలిగిన గౌరవం ఇంకా తగ్గలేదు. ఓడిపోయిన బాధ కంటే, ఆ పెద్దాయన వేలు గుర్తొస్తే వచ్చే మంట ఎక్కువగా ఉంది. నేనైనా నోరు విప్పి ఉండవలసింది. విప్పలేదు. హాస్టలులోనూ విప్పలేదు.

ఆ రాత్రి రాష్ట్రమంతా లెక్క తేలలేదన్నది నువ్వు వార్తలలో చూసే ఉంటావు. లెక్కలు పంపడానికి చేయించిన యాప్ మొండికేసింది, ఫోన్లు కలవలేదు, ఏడాదిగా కోట్ల డాలర్లు ధారపోసిన వాళ్లకు గెలిచిందెవరో తెలియలేదు. పార్టీ అభ్యర్థిని ఎంచే జాతీయ సభకు ఎన్నికై పోయే దాదాపు 3,979 డెలిగేట్లలో అయోవా వాటా 41. ఆ 41 కోసం కాదు వీళ్లు తిరిగేది. మర్నాటి వార్త కోసం, ఆ వార్త చూసి వచ్చే చందా కోసం. ఆ వార్తే రాకపోతే ఇక ఏమున్నది? గురువారానికి తేలినది, రాష్ట్ర డెలిగేట్ల లెక్కలో బుటిజెజ్ 26.2 శాతం, శాండర్స్ 26.1, జనం ఓట్లలో మాత్రం శాండర్స్‌దే పైచేయి. అసోసియేటెడ్ ప్రెస్ వారు విజేతను ప్రకటించలేమన్నారు. మా బైడెన్ నాలుగో స్థానం. మా ఆవిడ అభ్యర్థి అయిదో స్థానం, అయినా శుక్రవారం న్యూ హాంప్‌షైర్ చర్చ తరువాత ఆమెకు చందాలు వెల్లువెత్తుతున్నాయట. ఆ వెల్లువలో మా పాతిక డాలర్లు కూడా ఉన్నాయని నిన్న బ్యాంకు సందేశం చూసి తెలుసుకున్నాను. ఎల్లుండి అక్కడ ప్రైమరీ, కనీసం అక్కడ కాగితం ఓట్లు. దాని గురించి నా అంచనా ఏమిటంటే

కింద కారు హారను మోగుతోంది, మా ఆవిడ ఆ యాంగ్ పిల్లవాడిని భోజనానికి పిలిచింది, వాడికి కారు లేదట, తీసుకురావాలి. హాస్టలు చందాలో మిగిలిన 17 రూపాయల సంగతి ఈసారి తప్పక రాస్తాను.

నీ,
కోశాధికారి