మోగడానికే నెలకు రెండొందలా?

సంపాదకులు గారికి,

మా అమ్మది బొత్తాల ఫోను. మేం చేసినప్పుడు ఎత్తి మాట్లాడటం తప్ప ఆమె దానితో చేసే పని వేరే ఏమీ లేదు. ఈ మధ్య రీచార్జి గడువు దాటిన సంగతి మేమెవరం గమనించకపోవడంతో, కొద్ది రోజులకు ఇన్‌కమింగ్ కూడా ఆగిపోయింది. గ్యాస్ బండ తెచ్చినతను ఓటీపీ అడిగితే, ఆమె మోగని ఫోనునే అతని చేతిలో పెట్టిందట. అతను బండను వెనక్కి పట్టుకెళ్ళాడు. నంబరు బతకాలంటే రెండొందలు పెట్టాల్సిందేనని రీచార్జి కొట్టు కుర్రాడు తేల్చి చెప్పాడు. ఆ రెండొందలకు 28 రోజులూ, ఆ ఫోను ఏనాటికీ వాడుకోలేని డేటా వస్తాయి.

2016 సెప్టెంబరులో జియో వచ్చే నాటికి మార్కెట్లో ఎయిర్‌సెల్, టెలినార్, టాటా డొకొమో, ఐడియా, వొడాఫోన్ వంటి పేర్లు ఎన్నో ఉండేవి. ధరల పోరులో కొన్ని మూతపడగా, కొన్ని విలీనమై, చివరకు మూడు ప్రైవేటు కంపెనీలూ, ప్రభుత్వ సంస్థ బీఎస్‌ఎన్‌ఎల్ మిగిలాయి. 2024 జులై 3న జియో, ఎయిర్‌టెల్, ఆ మర్నాడు వొడాఫోన్ ఐడియా ధరలు పెంచాయి. జియోలో 239, ఎయిర్‌టెల్‌లో 265 ఉన్న 28 రోజుల ప్యాకులు రెండూ 299 దగ్గరే కలుసుకున్నాయి. వీరు కూడబలుక్కున్నారని నేను అనడం లేదు. ముగ్గురే ఉన్నచోట ఆ అవసరమే రాదు. నంబరు మార్చకుండా కంపెనీ మారే సదుపాయం ఉన్నా, పక్క కొట్లోనూ ధర అదే అయినప్పుడు ఆ హక్కుతో ఒరిగేదేముంది? బీఎస్‌ఎన్‌ఎల్ అప్పట్లో ధర పెంచకపోయినా, దాని సొంత 4జీని దేశవ్యాప్తంగా ప్రారంభించింది 2025 సెప్టెంబరులోనే.

ధరల నిర్ణయాన్ని కంపెనీలకే వదిలేయాలన్నది టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ అనుసరిస్తున్న విధానం. పదిమంది పోటీపడే రోజుల్లో అది సబబే. డేటా లేని ప్యాకులు ఉండాలని 2024 డిసెంబరులో ట్రాయ్ ఆదేశించడం మంచి పనే గానీ, మరుసటి నెల వచ్చిన ప్యాకులు 84 రోజులకు జియోలో 448, ఎయిర్‌టెల్‌లో 469 రూపాయలు. రోజువారీ లెక్కన చూస్తే కొంత తక్కువే. అయితే కూలికి వెళ్ళే మనిషి అంత సొమ్ము ఒక్కసారిగా తీయాలి.

వాడని నంబరును వదిలేయమని కొందరు సలహా ఇస్తారు. బ్యాంకు ఖాతా, ఆధార్, గ్యాస్ అన్నీ ఆ నంబరుకే ముడిపడి ఉన్నప్పుడు ఎలా వదిలేస్తారు? అందుచేత ఇన్‌కమింగ్ కాల్స్, ఓటీపీ సందేశాలు మాత్రమే ఇచ్చే 30 రోజుల ప్యాకు ఒకటి ప్రతి కంపెనీ అమ్మాలనీ, దాని గరిష్ఠ ధరను ట్రాయే నిర్ణయించాలనీ, గడువు ముగిశాక కూడా కనీసం ఓటీపీలు మూడు నెలలపాటు ఆగకూడదనీ కోరుతున్నాను.

ఇట్లు,
ఒక వినియోగదారుడు, కావలి